పటాలం పక్కన కాపురం

మదనపల్లెలో పటాలం లేదు. పుంగనూరులో లేదు, కుప్పంలోనూ లేదు. సైన్యం మన దగ్గరికి రాదు, మన పిల్లలే దాని దగ్గరికి పోతారు. తెల్లవారుజామున బెంగుళూరు బస్సు డిక్కీలోకి నల్ల ఇనప ట్రంకుపెట్టె ఎక్కిస్తూ ఉంటే, దాని మీద తెల్ల రంగుతో నంబరు, హోదా, పేరు కనిపిస్తే, లీవు అయిపోయిన జవాను వెళ్ళిపోతున్నాడని బస్టాండులో అందరికీ తెలుస్తుంది. ఒకప్పుడు ఆ పెట్టెతో మనిషి ఒక్కడే వెళ్ళేవాడు. ఇప్పుడు భార్య, చంకలో బిడ్డ, మూట కట్టిన ఇడ్లీ పాత్ర కూడా వెంట వెళుతున్నాయి. మిలిట్రీ సంబంధం ఒప్పుకునే ముందే "అమ్మాయిని తీసుకుపోతాడా, ఇక్కడే వదిలేస్తాడా?" అని పెద్దవాళ్ళు అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. కాకపోతే జవాబు అబ్బాయి చేతిలో కొంతే ఉంటుంది. మిగిలింది అతని పోస్టింగు మీద, ఇంట్లో ఉన్న కాగితాల మీద, పిల్లలు ఏ తరగతిలో ఉన్నారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

ఊరు మారే కుటుంబాలు అన్నిటికంటే ముందు ఇంటి గురించి అడుగుతాయి. నన్నడిగితే ఇల్లు ఆఖరు. ముందు కాగితాలు, తర్వాత బిడ్డ చదువు, తర్వాత ఊళ్ళో మిగిలిపోయే అత్తమామల సంగతి తేలాలి. ఈ మూడూ తేలాక ఇల్లు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది.

పటాలం వెంట కాపురం మనవాళ్ళకు కొత్తేమీ కాదు. కుంఫిణీ కాలంలో మద్రాసు సైన్యం సిపాయిలు భార్యాబిడ్డలను వెంటబెట్టుకుని కదిలేవారు. బెంగాల్ సైన్యంలో ఆ అలవాటు లేదు. ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారంటే తెలుగు నేల మనుషులు ఆ కొలువులో ఎంత పాతవాళ్ళో తెలుస్తుంది. 1806లో సికిందరాబాదు, 1809లో బెంగుళూరు కంటోన్మెంట్లు వెలిశాయి. రెండు శతాబ్దాలు గడిచాక కూడా మన పడమటి మండలాల కుటుంబాలు ఎక్కువగా చూసే పటాలం ఊళ్ళు ఈ రెండే. ఆ తర్వాత మద్రాస్ రెజిమెంట్ కేంద్రం ఉన్న నీలగిరుల వెల్లింగ్టన్. ఆపైన పోస్టింగు ఎటు విసిరితే అటు: జలంధర్, పఠాన్‌కోట్, అంబాలా, జోధ్‌పూర్.

ఎవరు వెళ్ళవచ్చు, ఎవరు వెళ్ళకూడదు అన్నది ముందు తేల్చుకోవాలి. సైన్యంలో ఊళ్ళు రెండు రకాలు. ఒకటి పీస్ స్టేషన్, రెండోది ఫీల్డ్. పీస్‌లో కుటుంబాన్ని పెట్టుకోవచ్చు, ఫీల్డ్‌లో పెట్టుకోకూడదు. పీస్ పోస్టింగు మామూలుగా రెండు మూడేళ్ళు ఉంటుంది, ఆ తర్వాత యూనిట్ కదులుతుంది. ఇల్లు సర్దుకుని, పక్కింటి వాళ్ళతో మాట కలిసి, బిడ్డకు బడి కుదిరేసరికి ఏడాది పోతుంది. అందుకని పోస్టింగు ఆర్డరు చేతికి రాగానే అడగాల్సిన మొదటి మాట "ఇంకా ఎన్ని నెలలు ఉంటుంది?" అని. యూనిట్ ఇప్పటికే ఆ ఊరికి వచ్చి ఏడాదిన్నర అయి ఉంటే, ఇల్లు మొత్తం మూట కట్టుకుని పోవడం కంటే వేసవి సెలవుల్లో రెండు నెలలు వెళ్ళి ఉండి రావడం మేలు.

అగ్నివీరుల సంగతి పూర్తిగా వేరు. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరిన పిల్లలది నాలుగేళ్ళ కొలువు. పెళ్ళి కానివాళ్ళనే తీసుకుంటారు, కొలువు జరుగుతున్నంత కాలం పెళ్ళి చేసుకోకూడదు. కుటుంబానికి క్వార్టర్ అన్న మాటే ఆ పథకంలో లేదు. నాలుగేళ్ళ తర్వాత నూటికి 25 మంది దాకా మాత్రమే శాశ్వతంగా కొనసాగుతారు, మిగిలినవాళ్ళు దాదాపు 11.71 లక్షల సేవానిధితో ఇంటికి వస్తారు. 2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చిన మురళీ నాయక్ మనకు పొరుగునే ఉన్న గోరంట్ల మండలం కల్లితండా బిడ్డ, అగ్నివీరుడే. ఈ పిల్లలకు సంబంధాలు చూసే పెద్దలు నాలుగేళ్ళ గడువు తీరి, శాశ్వత కొలువు వచ్చిందో లేదో తేలేదాకా ఆగాలి. తొందరపడి మాట ఇచ్చి అమ్మాయిని ఎదురుచూపుల్లో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

ఇక కాగితాలు. సైన్యం దృష్టిలో పెళ్ళి అంటే తాళి కట్టిన రోజు కాదు, ఆ పెళ్ళి 'పార్ట్ టూ ఆర్డర్'లో పడిన రోజు. యూనిట్ ఆఫీసులో ఆ నమోదు జరిగితేనే భార్యకు డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు, మిలిట్రీ ఆసుపత్రిలో వైద్యం, క్వార్టర్ వరసలో పేరు వస్తాయి. బిడ్డ పుట్టినా అంతే. ఊళ్ళో గుడి దగ్గర పెళ్ళి చేసి, ఫోటోలు దాచుకుని, రిజిస్ట్రేషన్ మాత్రం మర్చిపోయే ఇళ్ళు మన దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. నిర్బంధ వివాహ నమోదు చట్టం 2002లోనే వచ్చింది. లీవులో ఉన్న ముప్పై రోజుల్లో విందులు రెండు తగ్గినా ఫరవాలేదు, ఆ ధ్రువపత్రం మాత్రం చేతికి రావాలి.

ఇక్కడే మన వైపు కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, పేర్ల చిక్కు. తెలుగు పేరుకు ముందు ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. సైన్యం రికార్డులో ఆ పొడి అక్షరాన్ని విడదీసి పూర్తిగా రాస్తారు, ఒక్కోసారి చివరకు తోస్తారు. కుప్పం వైపు ఇంకో రకం. తమిళ అలవాటు కలిసి, చాలామంది పొడి అక్షరం ఇంటిపేరుది కాదు, తండ్రి పేరుది. పెళ్ళయ్యాక అమ్మాయి పొడి అక్షరం మారుతుంది, ఆధార్‌లో మాత్రం పాతదే మిగులుతుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో లక్ష్మి, ఆధార్‌లో లక్ష్మమ్మ, పార్ట్ టూ ఆర్డర్‌లో లక్ష్మీదేవి అయితే ముగ్గురూ ఒకరేనని రుజువు చేసుకోవడానికి అఫిడవిట్లు కావాలి. కాపురం సజావుగా సాగుతున్న రోజుల్లో ఇది చిన్న విసుగు. రేపు కుటుంబ పెన్షన్ దగ్గరికి వస్తే నెలల తరబడి కాళ్ళరిగే పని. బయలుదేరే ముందు అతని పేరు, ఆమె పేరు, పిల్లల పేర్లు అన్ని కాగితాల్లో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉన్నాయా అని కూర్చుని చూసుకోండి. గ్రూప్ ఇన్సూరెన్స్‌లో, ప్రావిడెంట్ ఫండ్‌లో నామినీ ఎవరో భార్యకూ తెలియాలి, అమ్మానాన్నలకూ తెలియాలి. పెళ్ళికి ముందు తల్లి పేరు రాసి, తర్వాత మార్చడం మర్చిపోయినవాళ్ళు ఎందరో. తల్లికి కొంత, భార్యకు కొంత అని పంచి రాయవచ్చు. ఆ మాట ఇంట్లో అందరూ ఉన్నప్పుడే చెప్పడం మంచిది.

ఇంటి గురించి ఇందాక ఆఖరు అన్నాను కాబట్టి పెద్దగా చెప్పను. క్వార్టర్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. 2002లో మొదలైన మ్యారీడ్ అకామడేషన్ ప్రాజెక్టు చాలా కంటోన్మెంట్లలో కొత్త అపార్ట్‌మెంట్లు కట్టింది, అయినా చాలాచోట్ల వరస ఉంటుంది. ఊరికి చేరగానే ఆ వరసలో పేరు రాయించాలి, ఆలస్యమైన ప్రతి వారం వెనక్కి నెడుతుంది. ఈలోగా బయట అద్దెకు ఉంటే అద్దె భత్యం వస్తుంది. 7వ వేతన సంఘం లెక్కలో హైదరాబాదు, బెంగుళూరు లాంటి పెద్ద నగరాల్లో మూల వేతనంలో 30 శాతం, రెండో రకం ఊళ్ళలో 20, మదనపల్లె లాంటి చోట్ల 10. మూల వేతనం 30,000 అనుకుంటే బెంగుళూరులో 9,000, మదనపల్లెలో 3,000 అన్నమాట. కొత్త వేతన సంఘం వచ్చాక ఈ అంకెలు మారతాయి. బెంగుళూరులో పది నెలల అద్దె అడ్వాన్సుగా అడిగే అలవాటు ఉంది కాబట్టి, భత్యం సరిపోయినా చేతిలో రొక్కం లేక ఇబ్బంది పడతారు. సికిందరాబాదులో అయితే తిరుమలగిరి, బొల్లారం, యాప్రాల్, అల్వాల్, నేరేడ్‌మెట్ వైపు సైనిక కుటుంబాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, ఇల్లుగలవాళ్ళకు మన బదిలీ బతుకు అలవాటే. కంటోన్మెంటు లోపలి దారుల్లో గేట్లు, వేళలు, గుర్తింపు కార్డులు ఉంటాయి. బయట ఇల్లు చూసుకునేటప్పుడు బడికీ ఆసుపత్రికీ మధ్య ఏ గేటు ఎప్పుడు మూస్తారో కనుక్కోండి. సామాను దింపేందుకు ఊరు మారిన ప్రతిసారీ బదిలీ గ్రాంటు వస్తుంది, మూల వేతనంలో 80 శాతం. కుర్చీలూ మంచాలూ మోయడానికి దాన్ని ఖర్చు పెట్టకండి.

చదువు దగ్గర మాత్రం నిలబడి మాట్లాడాలి.

పటాలం ఊళ్ళలో బడులకు కొదవ లేదు. 1963లో రెజిమెంటల్ బడులను తీసుకునే కేంద్రీయ విద్యాలయాలు మొదలయ్యాయి. అవి పుట్టిందే బదిలీ బతుకుల కోసం. ఒక కేంద్రీయ విద్యాలయంలో చేరిన బిడ్డ తండ్రి బదిలీతో ఇంకోదానికి సులువుగా మారుతుంది, పుస్తకాలు అవే, సిలబస్ అదే. ఆర్మీ పబ్లిక్ స్కూళ్ళు 1983లో ఏర్పడిన సైనిక సంక్షేమ విద్యా సంస్థ కింద నడుస్తాయి. పిల్లల చదువు భత్యం కింద ఇద్దరు బిడ్డల దాకా నెలకు ఒక్కొక్కరికి 2,812 రూపాయల పైన వస్తుంది. మన వైపు కూడా పరిస్థితి మెరుగవుతోంది. మదనపల్లె దగ్గర వలసపల్లెలో నవోదయ ఉంది, అదే వలసపల్లెకు 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం కేంద్రీయ విద్యాలయం మంజూరు చేసింది. మదనపల్లెకు దగ్గరలోనే ఉన్న కలికిరిలో 2014 నుంచి సైనిక్ స్కూలు నడుస్తోంది. 6వ తరగతిలో, 9వ తరగతిలో ప్రవేశాలు, అఖిల భారత పరీక్ష, రిజర్వేషన్లు పోగా మిగిలిన సీట్లలో 25 శాతం సైనికుల పిల్లలకు. తండ్రి ఎక్కడున్నా బిడ్డ ఒక్కచోట నిలకడగా చదవాలనుకునే కుటుంబానికి కలికిరి హాస్టలు చక్కని దారి. ఇప్పుడు ఆడపిల్లలను కూడా తీసుకుంటున్నారు.

అసలు చిక్కు ఇంటర్ దాటాక బయటపడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్, వైద్యం లాంటి కోర్సుల్లో 85 శాతం సీట్లు స్థానికులవి. రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిన 1974 ఉత్తర్వు ప్రకారం అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్ళు వరసగా ఈ ప్రాంతంలో చదివినవాళ్ళు స్థానికులు. మనది శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ ప్రాంతం. అంటే 9, 10 తరగతులు జలంధర్‌లో చదివి ఇంటర్‌కు మదనపల్లె వచ్చిన బిడ్డ తాతల నాటి నుంచి మదనపల్లె మనిషే అయినా ఈ లెక్కలో స్థానికుడు కాడు. సికిందరాబాదులో చదివితే? తెలంగాణలో వైద్య విద్యకు 9 నుంచి 12 దాకా అక్కడే చదవాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. రెండేళ్ళు అక్కడ, రెండేళ్ళు ఇక్కడ చదివిన బిడ్డ రెండు రాష్ట్రాల్లోనూ స్థానికేతరుడిగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. దేశం కోసం తండ్రి ఊరు వదిలితే బిడ్డకు ఊరు లేకుండా పోవడం నాకు చాలా బాధ కలిగించే సంగతి.

దారులు లేకపోలేదు. మిగిలిన 15 శాతం సీట్లకు, తల్లిదండ్రుల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివాసం ఉన్నట్టు తహసీల్దారు ధ్రువపత్రంతో పోటీపడవచ్చు. కొలువు కోసం బయట ఉన్న ఏళ్ళు అందులో లెక్కకు రావు. అయినా పటాలంలో చేరేదాకా పల్లెలోనే పెరిగిన తండ్రికి ఆ పదేళ్ళు సులువుగానే తేలతాయి. ఇంజినీరింగ్‌లో సైనికుల పిల్లలకు ప్రత్యేకంగా 2 శాతం సీట్లు ఉన్నాయి, దానికి సైనిక సంక్షేమ శాఖ ధ్రువీకరణ కావాలి. జవాన్లు లీవులో ఉన్నప్పుడే చిత్తూరులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకసారి వెళ్ళి, ఏ కాగితం ఎప్పుడు కావాలో రాసుకోవాలి. కౌన్సెలింగ్ వారంలో పరుగెత్తితే తండ్రి సియాచిన్‌లో, తల్లి క్యూలో ఉంటారు.

వీటన్నిటినీ కలిపి చూస్తే నాకు తోచేది ఇది. బిడ్డ ఐదో తరగతి దాటేదాకా కుటుంబం జవానుతోనే ఉండాలి. ఆ వయసులో బిడ్డకు తండ్రి కావాలి, భార్యకు భర్త కావాలి. పంజాబీ పిల్లలతో ఆడుకుని, మణిపురి పక్కింటి ఆమె దగ్గర అన్నం తిని పెరిగిన బిడ్డకు దేశం పుస్తకంలో కాదు, వరండాలో తెలుస్తుంది. ఆరు నుంచి ఎనిమిది దాకా చూసి నడవాలి, పోస్టింగు మంచిదైతే ఉండాలి, ఫీల్డ్ అయితే వెనక్కి రావాలి. తొమ్మిదికి మాత్రం బిడ్డ మన ప్రాంతంలో ఉండాలి, తల్లితో మదనపల్లెలో అయినా, కలికిరి హాస్టల్లో అయినా.

ఇప్పటికే చాలా కుటుంబాలు ఈ పనే చేస్తున్నాయి. పల్లెలో అత్తమామలు, మదనపల్లెలో అద్దె ఇల్లు, పిల్లల బడి, సరిహద్దులో భర్త. కురబలకోట మండలం ఎగువరేగడకు చెందిన లాన్స్ నాయక్ బి. సాయితేజ కుటుంబం కూడా పిల్లల చదువు కోసం మదనపల్లెకు వచ్చి ఉన్నదే. 2021 డిసెంబరు 8న కూనూరు దగ్గర హెలికాప్టర్ కూలి, జనరల్ బిపిన్ రావత్‌తో పాటు ఆయన భద్రతా సిబ్బందిలో ఉన్న సాయితేజ కన్నుమూశాడు. ఆ కబురు ఊళ్ళోకి వచ్చిన సాయంత్రం నుంచి పార్థివ దేహం బెంగుళూరు మీదుగా ఎగువరేగడ చేరేదాకా మదనపల్లె వైపు ఎవరికీ కంటి మీద కునుకు లేదు. ఆ ఇంటి దుఃఖాన్ని ఉదాహరణగా వాడుకోవాలని కాదు. భర్త దూరంగా, భార్య పిల్లలతో పట్టణంలో ఒంటరిగా బతికే ఏర్పాటులో ఆమెకు అన్నీ తెలిసి ఉండాలని చెప్పడానికే. ఉమ్మడి ఖాతా, ఏటీఎం కార్డు, అతని సైనిక నంబరు, యూనిట్ అడ్జుటెంట్ ఫోను, రికార్డ్ ఆఫీసు చిరునామా, పాలసీ కాగితాలు ఎక్కడున్నాయో అన్నీ ఆమె చేతిలో ఉండాలి. "నేనుండగా నీకెందుకు?" అనే భర్తలు ప్రేమతోనే అంటారు. ఆ ప్రేమ ఆమెకు అక్కరకు రాదు.

వెళ్ళిన చోట బతుకు ఎలా ఉంటుంది? కుప్పం అమ్మాయికి తెలుగు, తమిళం, కన్నడం మూడూ నాలుక మీద ఉంటాయి. బెంగుళూరు ఉల్సూరులోనో వెల్లింగ్టన్‌లోనో దిగితే రెండో రోజే కూరగాయల అంగడిలో బేరం చేస్తుంది. అదే అమ్మాయి అంబాలాలో మూగదవుతుంది. పటాలం భాష హిందీ. ఆసుపత్రి చీటీ దగ్గర, ఫ్యామిలీ వెల్ఫేర్ మీటింగులో, గాలిపటాలు ఎగరేసే పిల్లల తగువులో అన్నీ హిందీలోనే. వెళ్ళే ముందు మూడు నెలలు ఫోనులో భర్తతో రోజుకు పది నిమిషాలు హిందీలో మాట్లాడండి, సిగ్గుపడవద్దు. ఆర్మీ భార్యల సంక్షేమ సంఘం 1966 నుంచి ఉంది. కుట్టు, కంప్యూటరు తరగతులు జరుగుతాయి. కొత్త కోడలు అక్కడికి పోతే మొదటి నెల ఒంటరితనం సగం తగ్గుతుంది. బీఎడ్ చేసినవాళ్ళు ఆర్మీ పబ్లిక్ స్కూలు స్క్రీనింగ్ పరీక్ష రాసుకుంటే ఏ స్టేషన్‌కు పోయినా ఆ అర్హత వెంట వస్తుంది. పుంగనూరు పల్లెల్లో పాలు పోసి, పొదుపు సంఘంలో లెక్కలు రాసిన అమ్మాయికి మాత్రం నష్టం ఉంది. సంఘంలో వాటా, బ్యాంకు లింకేజి అప్పు ఉన్నఫళాన వదిలి పోకూడదు, బాకీ తీర్చి తీర్మానం రాయించుకుని వెళ్ళాలి.

క్యాంటీన్‌లో సబ్బు నుంచి ఫ్రిజ్ దాకా బజారు కంటే తక్కువకు వస్తాయి, నెలవారీ పరిమితి ఉంటుంది. బంధువుల కోసం కార్డు గీయవద్దు. కార్డు పోతే కష్టమంతా జవానుది.

2025 మే నెలలో పాకిస్తాన్‌తో పోరు సాగిన రోజుల్లో పఠాన్‌కోట్, జలంధర్, జమ్మూ వైపు రాత్రిళ్ళు దీపాలు ఆర్పేసి కూర్చున్న కుటుంబాల్లో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. అలాంటి రోజుల్లో ఊరి నుంచి ప్రతి గంటకూ ఫోను చేసి "మీ ఆయన ఎక్కడ, ఎటు పోయాడు?" అని అడగకండి. ఆమె చెప్పకూడదు, చెప్పలేదు. యూనిట్ కదలికలు, గేటు ఫోటోలు, యూనిఫాంలో సెల్ఫీలు కుటుంబ వాట్సాప్ గుంపులో కూడా వద్దు. 2020లో సైన్యం తన మనుషులను ఫేస్‌బుక్‌తో సహా 89 యాప్‌లు తీసేయమంది. ఆ కట్టడి ఎందుకొచ్చిందో ఇంట్లోవాళ్ళూ గ్రహించాలి.

చివరగా ఊళ్ళో మిగిలినవాళ్ళు. కొడుకు సైన్యంలో చేరగానే, గ్రామ సచివాలయం రికార్డులో అమ్మానాన్నలు, కొడుకు ఒకే కుటుంబంగా ఉంటే, ప్రభుత్వ ఉద్యోగి ఉన్న ఇల్లుగా లెక్కబడి బియ్యం కార్డుకు ఎసరు వస్తుంది. పెళ్ళయ్యాక కోడలి పేరు అదే ఇంటికి చేరితే చిక్కు ఇంకా ముదురుతుంది. విడిగా బతుకుతున్న కుటుంబాలైతే విడిగానే నమోదు కావాలి. ఇది కోడలు బయలుదేరే ముందే సచివాలయంలో సరిచేసుకోవాల్సిన పని. ఇంకొకటి: తల్లిదండ్రుల ఆదాయం నెలకు 9,000 రూపాయలు, దానిపై కరవు భత్యం కలిపిన మొత్తం లోపు ఉంటే వాళ్ళనూ ఆధారపడినవారిగా చూపించి సైనిక వైద్యం అందించవచ్చు. ఆ డిపెండెంట్ కార్డు చేయించిన కొడుకులు ఎంతమందో, దాన్ని ఇంట్లో బీరువాలోనే ఉంచుకున్న తల్లులు అంతమంది. మదనపల్లె నుంచి చింతామణి, హోస్కోటె మీదుగా బెంగుళూరు పాత విమానాశ్రయం రోడ్డులోని కమాండ్ ఆసుపత్రి వంద కిలోమీటర్ల పైచిలుకు. కుప్పం నుంచి రైలుంది. మోకాళ్ళ నొప్పులకు ప్రైవేటు ఆసుపత్రిలో అప్పు చేసే ముందు, కోడలు లీవుకు వచ్చినప్పుడు అత్తమ్మను ఒకసారి ఆ ఆసుపత్రికి వెంటబెట్టుకుని పోయి, ఏ కిటికీ దగ్గర చీటీ రాయించుకోవాలో చూపించి రావాలి.